విద్యార్థి స్కాలర్‌షిప్ నిధి: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన స్కాలర్‌షిప్ తీసుకుంటున్న విద్యార్థుల్లో ఒక్కరు కూడా డబ్బు లేక చదువు ఆపలేదు. అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇదే. యూనివర్సిటీలో సీటు వచ్చినప్పుడు సాయం చేసేవాళ్లు చాలామందే దొరుకుతారు. రెండో ఏడాది ఫీజు గడువు వచ్చేసరికి ఆ పిల్లలు ఎవరికీ గుర్తుండరు. అందుకే పాతవారి రెన్యువల్‌కు సరిపడా సొమ్ము పక్కన పెట్టాకే కొత్త దరఖాస్తులు తీసుకున్నాం. ట్యూషన్ ఫీజు మాఫీ అయినవాళ్లు కూడా హాస్టల్ బిల్లు కట్టలేక ఆగిపోతున్నారు కాబట్టి ఆ ఖర్చునూ లెక్కలో చేర్చాం.

దాతలు, విద్యార్థులు కలిసిన సాయంత్రం ఈ ఏడాది మనందరికీ గర్వకారణం. వేదిక మీద చెక్కు అందిస్తూ ఫొటో దిగే పద్ధతిని ఈసారి తీసేశాం. కొందరు పెద్దలు నొచ్చుకున్నారు, నిజమే. కానీ చదువులో ముందున్న పిల్లను పదిమంది ముందు చేయి చాచి నిలబెట్టడం మన సంఘానికి తగదు. దాని బదులు విద్యార్థులు తమ ప్రాజెక్టులను హాలంతా ప్రదర్శించారు. సివిల్ ఇంజనీరింగ్ చదివే అమ్మాయి వంతెన నమూనా మీద బరువు ఎటు నుంచి ఎటు దిగుతుందో చెబుతుంటే, దాతలు కుర్చీలు దగ్గరికి లాక్కుని మరీ ప్రశ్నలు అడిగారు. చివర్లో ఒకప్పుడు మన సాయంతో చదివి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవారు, ఎవరూ అడగకుండానే లేచి నెలనెలా చందా ఇస్తామని సంతకాలు చేశారు. నాకు మాట రాలేదు.

ఇక మూలనిధి సంగతి. 1643లో లేడీ మౌల్సన్ అనే ఆవిడ హార్వర్డ్‌కు 100 పౌండ్లు ఇచ్చింది, పేద విద్యార్థి చదువు కోసం. స్కాలర్‌షిప్ కోసం విడిగా నిధి పెట్టే ఆలోచన అంత పాతది. మనదీ అదే దారి: అసలు సొమ్మును ముట్టుకోం, వడ్డీతోనే ఇస్తాం. 5 శాతం వడ్డీ వస్తే, ఒక విద్యార్థి ఏడాది ఖర్చుకు దానికి 20 రెట్లు మూలధనం ఉండాలి. ఫీజులు పెరుగుతుంటాయి కాబట్టి వడ్డీలో కొంత మళ్లీ అసలులో కలపాలి కూడా. ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి మరిచిపోయేవారికంటే, కొద్దిగానైనా ప్రతి నెలా ఇచ్చేవారే మనకు బలం.

స్కాలర్‌షిప్‌ను అప్పుగా ఇద్దామని కొందరు సభ్యులు సూచించారు. 1892లో జంషెట్జీ టాటా పెట్టిన నిధి అలాగే నడుస్తోంది. మాజీ రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ లండన్‌లో చదివింది టాటా స్కాలర్‌షిప్‌తోనే. పై చదువులకు అది బాగుంటుంది. మొదటి డిగ్రీ చదివే పిల్లల నెత్తిన మాత్రం అప్పు పెట్టొద్దని కార్యవర్గం అభిప్రాయం.

జమాఖర్చులను ఆడిటర్ గారు పరిశీలించారు. పట్టిక జతచేశాం, సందేహాలకు కోశాధికారి జవాబిస్తారు.

ఒక్క మాట చెప్పక తప్పదు. దరఖాస్తుల పరిశీలనకు పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మంది తీరా పని మొదలయ్యాక ఫోన్ కూడా ఎత్తలేదు. ఆ భారమంతా కొద్దిమంది మీద పడింది. ఒక కాలేజీ ఆఫీసులో బోనఫైడ్ సర్టిఫికెట్ల మీద సంతకాలు ఎంతకీ కాక, ఫీజు గడువు ముంచుకొస్తుంటే పిల్లలు పడిన టెన్షన్ చూడలేకపోయాం. డబ్బు సిద్ధంగా ఉన్నా ఒక్క కాగితం కోసం ఆగాల్సి రావడం అన్యాయం.

హాలు ఉచితంగా ఇచ్చినవారికి, రాత్రుళ్లు కూర్చుని రశీదులు రాసిన మహిళా విభాగానికి, ఇంటర్వ్యూలు చేసిన రిటైర్డ్ అధ్యాపకులకు, పేరు చెప్పొద్దన్న దాతలకు, చందా తగ్గినా మానకుండా కట్టిన ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ కృతజ్ఞతలు.

వాలంటీర్ల పట్టిక నా బల్ల మీద ఉంది. రాగలిగినవారే పేరు రాయండి. వడ్డీలో కొంత మూలనిధికి చేర్చే తీర్మానాన్ని ఆమోదించాలని సభను కోరుతున్నాను.

— కార్యదర్శి