ప్రయోగశాలల్లో వెబ్‌సాకెట్‌డీ నేర్పాలి

సంపాదకులకు నమస్కారములు.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే, నేల తేమనో ఉష్ణోగ్రతనో కొలిచే సెన్సర్ రీడింగులను బ్రౌజర్‌లో చూపడానికి విద్యార్థులు విదేశీ క్లౌడ్ సంస్థల్లో ఖాతాలు తెరవడం మామూలైపోయింది. ఈ బల్ల మీది పరికరం నుంచి పక్క బల్ల మీది తెరకు చేరవలసిన అంకె ఎక్కడి సర్వర్‌కో వెళ్లి రావడం అనవసరమని, పైగా మధ్యలో జరిగేదేమిటో విద్యార్థికి ఎన్నటికీ తెలియకుండా పోతుందని పాలిటెక్నిక్ అధ్యాపకుడిగా నా బాధ.

వెబ్‌సాకెట్‌డీ అనే చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా దొరుకుతుంది. మనం రాసిన ప్రోగ్రామ్ తెరపై ప్రింట్ చేసే ప్రతి లైనునూ అది ఒక సందేశంగా బ్రౌజర్‌కు పంపుతుంది. బ్రౌజర్ పంపినదాన్ని తిరిగి ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్‌గా అందిస్తుంది. ప్రోగ్రామ్ సీలో రాసినా, పైథాన్‌లో రాసినా ఒకటే. ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను మరో ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్‌గా అందించే 1973 నాటి యూనిక్స్ పైపుల పద్ధతిని, బ్రౌజర్, సర్వర్ ఒకే కనెక్షన్ మీద ఇరువైపులా సందేశాలు పంపుకొనేందుకు 2011లో ప్రమాణంగా వెలువడిన వెబ్‌సాకెట్ ప్రోటోకాల్‌ను ఒకే ప్రయోగంలో చూపే అవకాశం ఇంత తేలికగా మరోచోట దొరకదు.

ఇందులో ఎదురయ్యే చిక్కులే మంచి పాఠాలు. పైథాన్ ప్రోగ్రామ్ నడుస్తున్నా బ్రౌజర్ ఖాళీగా కనిపిస్తే, అవుట్‌పుట్ టెర్మినల్‌కు కాక పైపుకు పోతున్నందున వేల అక్షరాలు పోగయ్యేదాకా బఫర్ అనే తాత్కాలిక నిల్వలోనే ఆగిందని, ప్రతి లైనుకూ ఫ్లష్ చేయాలని, అంటే పోగైనదాన్ని వెంటనే బయటికి పంపాలని విద్యార్థి గ్రహిస్తాడు. ప్రతి కనెక్షన్‌కూ ఈ సాధనం ప్రోగ్రామ్‌ను కొత్తగా మొదలుపెడుతుంది కాబట్టి, ఇద్దరు ఒకేసారి పేజీ తెరిస్తే సెన్సర్ పరికరాన్ని కంప్యూటర్‌కు కలిపే ఒకే సీరియల్ పోర్టును రెండు ప్రోగ్రామ్‌లు చదివి, రీడింగులు ముక్కలై ఒక్కోదానికి కొంత చొప్పున చేరతాయి. ఒక్క ప్రోగ్రామ్‌తోనే రీడింగులను ఫైల్‌లోకి రాయించి, ఆ ఫైల్ చివర కొత్తగా చేరే లైన్లను టెయిల్ కమాండ్‌తో అందరికీ చూపితే సరిపోతుంది.

భద్రత సంగతి మాత్రం మొదటి రోజే చెప్పాలి. ఈ సాధనం దానంతట అది పాస్‌వర్డ్ అడగదు. దాని వెనుక షెల్‌ను, అంటే కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే ప్రోగ్రామ్‌ను నడిపితే, ఈ సాధనం వాడే నెట్‌వర్క్ పోర్టును చేరగలిగిన ఎవరికైనా కంప్యూటర్‌ను అప్పగించినట్లే. అందువల్ల ఈ సాధనం కనెక్షన్లు స్వీకరించే చిరునామాను లోకల్‌హోస్ట్‌కు, అంటే అదే కంప్యూటర్‌కు, పరిమితం చేసి అభ్యాసం మొదలుపెట్టించాలి.

రెండు రాష్ట్రాల సాంకేతిక విద్య, శిక్షణ మండళ్లు డిప్లొమా ల్యాబ్ మాన్యువల్‌లో ఈ ప్రయోగాన్ని చేర్చాలని, అందులో ఫ్లష్, సీరియల్ పోర్టు, పాస్‌వర్డ్ అంశాలు తప్పక ఉండాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు, ఏలూరు