చౌరస్తాలో చెప్పులు కుట్టే అన్నకు దండాలు

రేపు కెనడా ఫ్లైట్ అనగా, మంచుగడ్డ మీద పరుగెత్తే మా తమ్ముడి బూట్ల అడుగున, జారకుండా స్క్రూలు బిగించిన హన్మకొండ అన్నా, మీకు కృతజ్ఞతలు. నిరుడు అక్కడ లాంగ్ రన్‌లో జారి వాడి మణికట్టు ఎముక చిట్లింది. కొత్త బూట్లకు స్క్రూలేందని మీరు నవ్వలేదు. ఆ స్క్రూలకు ఆరు పలకల తల, సెంటీమీటరులోపు పొడవు. మంచుగడ్డను పట్టేది ఆ తల అంచే. మడమ చుట్టూ, ముందు అంచుల వెంటే బిగించారు, మధ్యలో అయితే పాదానికి ఒత్తుకుంటాయి.

మేం అడగకుండానే లోపలి అట్ట తీసి, చెయ్యి పెట్టి ఒక్కో చోటూ తడిమారు. మొన తగిలిన రెండింటిని పీకి, ఆకురాయితో అరగదీసి మళ్లీ బిగించారు. పది కిలోమీటర్లు దాటితే ఆ మొనే పుండు చేసేది. సిమెంటు మీద తలలు అరుగుతాయని, ఊడితే బిగించుకోమని నాలుగు స్క్రూలు పొట్లం కట్టిచ్చారు. కూలి మాత్రం సగమే తీసుకున్నారు.