ఎల్క్ వేటకు థర్టీ-థర్టీ అడిగిన అమ్మాయికి

చిన్నితల్లీ,

ఎల్క్ అనే ఆ పెద్ద జింక వేటకి మన థర్టీ-థర్టీ రైఫిల్ పార్శిల్ చెయ్యమన్నావు. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి అలా నేరుగా పంపడం చట్టం ఒప్పుకోదు. నవంబరు చివర్లో, థాంక్స్‌గివింగ్ వారంలో నేనే పెట్టెలో పెట్టి తాళం వేసి తెస్తాను. మీ మోంటానాలో వేట సీజన్ ఆ ఆదివారం దాకా ఉంటుంది కదా.

"థర్టీ-థర్టీతో ఎల్క్ పడుతుందా నాన్నా?" అన్నావు. పడుతుంది, దగ్గర నుంచి కొడితే. ఆ దగ్గర అనే మాట గురించే ఈ ఉత్తరం.

థర్టీ-థర్టీ అన్నది తూటా పేరు, 1895 నాటిది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 మోడల్ రైఫిల్ కోసం తెచ్చారు. మొదటి 30 గొట్టం కొలత, అంగుళంలో నూరింట ముప్పై వంతులు. రెండోది అప్పట్లో అందులో పోసిన పొగరాని మందు, 30 గ్రెయిన్లు, అంటే సుమారు రెండు గ్రాములు. మన రైఫిల్లో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగున మందుని అంటించే ప్రైమర్‌కి ఆనుకుంటుంది. గట్టి సూదిమొన తూటాలు పెడితే పేల్చినప్పటి అదురుకి లోపలే పేలే ప్రమాదం ఉంది. అందుకే ముక్కు చదునుగా చేస్తారు. ఆ చదును ముక్కు వల్లే గాలిలో వేగం త్వరగా పడిపోతుంది. 170 గ్రెయిన్ల తూటా సెకనుకు 2200 అడుగుల వేగంతో బయల్దేరి, 200 గజాలకి వెళ్ళేసరికి దాదాపు 1600కి దిగుతుంది. 100 గజాలకి గురి సరిచేసి ఉంటే, 200 గజాల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి కొడుతుంది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. పెన్సిల్వేనియా వచ్చిన కొత్తలో, సాయంత్రం వెలుగు తగ్గుతుండగా, లోయకి అవతల ఉన్న జింక మీద పేల్చాను. 200 గజాలకి పైనే ఉంటుంది. తగిలింది. కానీ తగలాల్సిన చోట కాదు. టార్చి లైటుతో అర్ధరాత్రి దాకా రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. వాగు దగ్గర జాడ పోయింది. తెల్లారి మళ్ళీ వెళ్ళాను, దొరకలేదు. ఆ జింక ఎంత బాధపడి చచ్చిందో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. అప్పటి నుంచి 100 గజాలు దాటి ట్రిగ్గర్ నొక్కలేదు. చాలాసార్లు ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను.

ఎల్క్ మన జింక లాంటిది కాదు. మగది 300 కిలోలు దాటుతుంది. అందుకని మైదానంలో కాకుండా చెట్ల మధ్య, గాలి నీ ముఖానికి తగిలేలా కూర్చో. అది పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగు. ముందుకాలి వెనకగా, కిందినుంచి మూడో వంతు ఎత్తులో గురిపెట్టు. పేల్చగానే రైఫిల్ కింది లివర్ పిడి లాగి రెండో తూటా సిద్ధం చేసుకో. పడకుండా వెళ్ళిపోతే వెంటపడకు, అరగంట కూర్చో. చలిలో కూడా ఆ మందపాటి చర్మం కింద మాంసం పాడవుతుంది, వెంటనే ఒలిచి ముక్కలు చెయ్యాలి. ఎలుగుబంట్ల ప్రాంతం కాబట్టి వాటిని తరిమే స్ప్రే నడుముకే ఉండాలి, బ్యాగులో కాదు. అమ్మకి అదే టెన్షన్.

మా ఊళ్ళో వేటమాంసం అంటే మేకమాంసమే. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించాక అడవి జంతువుల వేట లేదు, ఉండకూడదు కూడా. ఇక్కడ లెక్కపెట్టి లైసెన్సులిస్తారు కాబట్టే నేను మొదలుపెట్టాను. తెచ్చింది ఒక్క ముక్క కూడా పారెయ్యలేదు. అమ్మ గసగసాలు, ధనియాలు వేసి వండితే నువ్వు గిన్నె నాకేదానివి.

నేను రాగానే మొదటిరోజు అడవికి కాదు, గురి సాధన చేసే రేంజికి వెళ్దాం. కాగితం ప్లేటు పెట్టి, రైఫిల్ దేనికీ ఆనించకుండా ఐదు పేల్చు. ఐదూ ప్లేటులో పడే దూరం 70 గజాలే అయితే, ఈ ఏడాది నీ హద్దు 70. నాకు మాటివ్వాలి. 170 గ్రెయిన్లవి రెండు పెట్టెలు కొనిపెట్టు.

నాన్న