మన విచారణ గుడి (పారిష్ చర్చి) మరమ్మతుల నిధి: 2017 అక్టోబరు నుంచి 2022 డిసెంబరు వరకు జమా ఖర్చుల వివరణ

విచారణలోని కుటుంబాలన్నిటికీ, న్యూయార్కులో ఉంటున్న మన ఊరివాళ్ళకూ గుడి మరమ్మతుల కమిటీ నమస్కరించి తెలియజేసుకునే విషయాలు.

2017 సెప్టెంబరు 19న మధ్యాహ్నం 1 గంట 14 నిమిషాలకు మెక్సికోలోని ప్యూబ్లా, మొరెలోస్ రాష్ట్రాల సరిహద్దున 7.1 తీవ్రతతో వచ్చిన భూకంపానికి మన గుడి గుమ్మటం రెండుచోట్ల చీలి, గంట గోపురం పక్కకు ఒరిగి, ఉత్తరపు గోడ నేల నుంచి కప్పుదాకా పగిలిన సంగతి అందరికీ తెలుసు. అదే రోజు మన ప్యూబ్లా రాష్ట్రంలోనే అట్సాలా ఊరి గుడిలో జ్ఞానస్నానం జరుగుతుండగా కప్పు కూలి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వేళకు మన గుడిలో ఎవరూ లేకపోవడం దేవుని దయ. జమా ఖర్చులను ప్రతి ఏటా జూలై 25న పునీత యాకోబు పండుగనాడు ఆవరణలో చదివి వినిపిస్తూనే వచ్చాం. అయినా విచారణ గురువులైన ఫాదర్ గారు 2022 ఆగస్టులో బదిలీ అయి వెళ్ళాక, గుమ్మటానికి రెట్టింపు ఖర్చుపెట్టామనీ, ఆయన బండికి నిధి డబ్బు పోయిందనీ కొందరు అంటున్నారు కనుక, మొత్తం లెక్కను ఒకచోట రాసి అందరి ముందూ పెట్టడం మా బాధ్యత అనుకున్నాం.

జమ సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ఆదివారపు కానుకల పెట్టె నుంచి 1,86,400 పెసోలు, గుడి కోసం జరిపే సంతల్లాంటి మూడు కెర్మెస్‌లలో తమాలెలు, మోలె, ఆతోలె వంటి వంటకాలు అమ్మగా ఖర్చులు పోను 97,350, ఇంటికి 1,500 చొప్పున వేసుకున్న చందా కింద 171 ఇళ్ళ నుంచి 2,56,500, న్యూయార్కులోని మనవాళ్ళ నుంచి 4,12,000, రెండేళ్ళపాటు పండుగ బాణసంచా మానుకుని పండుగ నిర్వాహకులైన మయోర్దోమోలు అప్పగించినది 85,000, ఫాదర్ గారు తన పాత ట్రక్కు అమ్మి ఇచ్చినది 64,000 కలిపి మొత్తం జమ 11,01,250 పెసోలు. ఇచ్చిన ప్రతి చేతికీ మా కృతజ్ఞతలు. బాణసంచా కోట వెలగని పండుగ ఎంత బోసిగా ఉంటుందో మాకూ తెలుసు కనుక, ఆ రెండేళ్ళ మయోర్దోమోలు ఊరి మాటలు పడి మరీ ఆ డబ్బు ఇచ్చారని ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాం.

ఖర్చుల్లో వివాదం లేనివి ఇవి. భూకంపం జరిగిన నెల రోజుల్లోపే కప్పు కింద పెట్టిన ఊతకర్రలకు, టార్పాలిన్లకు 71,800. ఇంజనీరు చేత కట్టడాన్ని పరీక్ష చేయించి పటాలు గీయించినందుకు 58,000. గోడ చీలికలు రాతితో కుట్టి, గంట గోపురం నిలబెట్టినందుకు 2,94,500. గంట దించి మళ్ళీ ఎక్కించడానికి, కొత్త దూలానికి 37,900. ఫాయెనాకు (కూలి లేని ఊరుమ్మడి పనికి) వచ్చినవాళ్ళ భోజనాలకు 29,450. కరెంటు తీగలు మార్చినందుకు 21,300. వీటన్నిటికీ రసీదులు ఉన్నాయి. భోజనాల లెక్కలో మాత్రం రెండు కాగితాలు వానకు తడిసి చెరిగిపోయాయి. ఆ రెండూ కలిపి 1,140 పెసోలు.

అసలు ప్రశ్న గుమ్మటం గురించి. దానికి అయినది 4,18,700 పెసోలు. పాత సిమెంటు పొరను ఊడదీయడానికి 96,200, సున్నపు రాయికి, లారీ కిరాయికి, గోతుల తవ్వకానికి 78,500, ఇటుకకు, తెసోంత్లె అనే తేలికపాటి అగ్నిపర్వత రాతికి 64,000, నలుగురు మేస్త్రీలకు రోజుకు 450 చొప్పున వంద రోజుల కూలి 1,80,000. ఇదే గుమ్మటాన్ని సిమెంటుతో మూడు వారాల్లో 1,90,000కు పూర్తి చేస్తామని ఒక కాంట్రాక్టరు ఇచ్చిన అంచనా కాగితం మా దగ్గర ఉంది, దాన్ని దాచలేదు. సగం కన్నా తక్కువకు అయ్యే పనిని వదిలి, నాలుగేళ్ళు సాగదీసి, రెట్టింపు ఎందుకు ఖర్చుపెట్టారన్న ప్రశ్న న్యాయమైనదే కనుక, జవాబు వివరంగా రాస్తున్నాం.

మొదటిది చట్టం. మన గుడి పద్దెనిమిదో శతాబ్దపు కట్టడం. 1917 రాజ్యాంగం ప్రకారం ఇలాంటి పాత గుళ్ళు జాతి ఆస్తి. 1972 నాటి కట్టడాల చట్టం ప్రకారం పదహారు నుంచి పంతొమ్మిదో శతాబ్దం వరకు కట్టిన గుళ్ళన్నీ చారిత్రక కట్టడాలే. జాతీయ మానవశాస్త్ర, చరిత్ర సంస్థ అనుమతి లేకుండా ఒక్క రాయి కదిపే హక్కు మనకు గానీ, ఫాదర్ గారికి గానీ, బిషప్ గారికి గానీ లేదు. అనుమతి 2019 జనవరిలో వచ్చింది. అందులో నాలుగు నెలల ఆలస్యం మాదే, ఎందుకంటే మొదటిసారి ఇచ్చిన పటాల్లో గంట గోపురం కొలతలు తప్పు రాశాం.

రెండోది సిమెంటు. 1970లలో గుమ్మటం కారుతోందని మన తండ్రుల తరం బకెట్లతో సిమెంటు మోసి దానిమీద పొర వేసింది. ఈ కమిటీలో ముగ్గురి తండ్రులు ఆ పనిలో ఉన్నారు. వాళ్ళ చెమటను ఊడదీసి పారేశారన్న మాట మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. వాళ్ళు చేసింది ఆ రోజుకు తెలిసిన మంచి పని. కానీ సున్నంతో కట్టిన గోడ లోపలి తడిని బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. 2019 నవంబరులో మొదటి పెచ్చు ఊడదీసినప్పుడు కింద ఇటుక తడిసి, వేలితో గీకితే ఎర్రటి పిండిలా రాలింది. ఆ పిండిని ఫాదర్ గారు ఒక గాజు సీసాలో పోసి, ఆదివారం పూజ అయ్యాక ప్రసంగ పీఠం దగ్గర పెట్టి, అనుమానం ఉన్నవాళ్ళందరినీ వచ్చి చూడమన్నారు. ఆ సీసా ఇప్పటికీ సక్రిస్తీ (పూజ సామాను గది) అలమరాలో ఉంది. ఇద్దరు మనుషులు కలిసి ఎత్తాల్సినంత బరువైన పెచ్చులు పైనుంచి దిగాయి. ఆ బరువంతా ఉండగా ఇంకోసారి భూమి ఊగితే గుమ్మటం నిలిచేది కాదని పరీక్ష చేసిన ఇంజనీరు రాసి ఇచ్చారు.

మూడోది సున్నం. రాతి సున్నాన్ని నీళ్ళలో చల్లార్చి నెలల తరబడి గోతిలో మాగబెడితేనే గచ్చుకు పనికొస్తుంది. ఆవరణలో తూర్పు మూల తవ్విన మూడు గోతుల పక్కన నాగజెముడు మట్టలు తరిగి పీపాల్లో నానవేసి, ఆ జిగురు నీటిని వడకట్టి సున్నంలో కలిపాం. ఇది మన తాతల పద్ధతే అయినా చేయడం వచ్చినవాడు ఊళ్ళో ఒక్క ముసలి మేస్త్రీ మిగిలాడు. ఫాదర్ గారు రెండు నెలలు ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుని, తర్వాత మన కుర్రాళ్ళు పద్నాలుగు మందికి నేర్పారు. తెల్లవారుజామున పూజకు ముందే గోతి దగ్గర తాపీ ముంచి చూసేవారు. సున్నం జిగురులా తాపీకి అంటుకుంటేనే మాగినట్టని చెప్పేవారు. పనికి కూలి తీసుకున్న మేస్త్రీలు నలుగురే. ఆ కుర్రాళ్ళ పని లెక్కలో ఎక్కడా కనిపించదు, అదీ మీరిచ్చిన చందాయే.

2020 మార్చిలో కోవిడ్ వల్ల గుళ్ళు మూతపడి పని ఆగింది. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పరంజాకు నెలకు 7,800 చొప్పున 17 నెలలకు 1,32,600 అద్దె కట్టాం. అందులో ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు అయిదు నెలలు, అంటే 39,000 పెసోలు, పరంజా ఊరికే నిలబడి ఉన్నందుకు కట్టినది. వచ్చే నెల తెరుస్తారు, వచ్చే నెల తెరుస్తారు అని ఎదురుచూశాం. వెంటనే దించేయమని ఫాదర్ గారు చెప్పారు, మేమే వినలేదు. మూతపడిన కాలంలో గోతుల్లో సున్నం ఇంకా బాగా మాగింది గానీ, వానాకాలంలో సున్నం పూయకూడదు కనుక, డబ్బు మళ్ళీ కూడేసరికి పూత 2021 నవంబరుకు గానీ మొదలు కాలేదు.

2022 సెప్టెంబరు 19న, అదే తారీఖున, మిచోఅకాన్ వైపు నుంచి 7.7 తీవ్రతతో భూమి మళ్ళీ ఊగింది. మర్నాడు నిచ్చెన వేసి గుమ్మటం లోపలా బయటా చూశాం. కొత్త చీలిక ఒక్కటీ లేదు. ఫాదర్ గారికి ఫోన్ చేసి చెబితే చాలాసేపు మాట్లాడలేకపోయారు.

ఆయన గురించి తిరుగుతున్న మాటకు జవాబు ఇది. ఆయన ఇప్పుడు నడుపుతున్న బండి కొత్త విచారణకు చెందినది, మన నిధిలో ఒక్క పెసో కూడా దానికి పోలేదు. ట్రక్కు అమ్మిన 64,000 తిరిగి ఇస్తామని 2021లో తీర్మానం చేస్తే, వద్దని ఆ కాగితం మీదే సంతకం పెట్టారు. 2011లో ఆయన వచ్చిననాడు సక్రిస్తీలో కారే నీటికి బకెట్లు పెట్టుకుని పూజ చేసేవాళ్ళం. పిల్లల సత్యోపదేశం చెట్టు కింద జరిగేది. భూకంపం రోజు రాలుతున్న పెళ్ళల మధ్య లోపలికి వెళ్ళి దివ్యసత్ప్రసాదాన్ని బయటికి తెచ్చి, ఆ తర్వాత నాలుగున్నర ఏళ్ళు ఆవరణలో టార్పాలిన్ కింద పూజ చేసిన మనిషి గురించి అలా మాట్లాడటం మాకు భరించరానిదిగా ఉంది.

ఇక బాకీలు. ఊళ్ళో 212 ఇళ్ళకు గాను 41 ఇళ్ళు చందా ఇవ్వలేదు. వాటిలో 12 ఇళ్ళను అడగవద్దని ఫాదర్ గారే చెప్పారు, అడగం. మిగిలిన 29 ఇళ్ళ బాకీ 43,500. అందులో బజారులో దుకాణాలు ఉన్నవాళ్ళూ, గుమ్మటం ఖర్చు గురించి గట్టిగా అడిగినవాళ్ళూ కొందరు ఉన్నారు. పేర్లు రాయడం లేదు, వారికి తెలుసు. న్యూయార్కు కుటుంబాలు ఇస్తామన్న 26,000 డాలర్లలో 21,500 అందాయి. 2020లో హోటళ్ళు మూతపడి వాళ్ళు పనులు పోగొట్టుకున్న సంగతి తెలుసు కనుక, వీలున్నప్పుడు పంపితే చాలు.

మొత్తం ఖర్చు 10,64,250 పోగా చేతిలో 37,000 పెసోలు నిల్వ ఉంది. దానితో వచ్చే వానలలోపు సక్రిస్తీ కప్పుకు సున్నం పూయించాలని తీర్మానించాం. మూడో గోతిలో సున్నం ఇంకా ఉంది. ఫాదర్ గారి చేతిరాత లెక్కల పుస్తకం, రసీదుల కట్ట, సిమెంటు అంచనా కాగితం, వద్దని సంతకం పెట్టిన తీర్మానం ప్రతి ఆదివారం పదిగంటల పూజ తర్వాత సక్రిస్తీ బల్ల మీద ఉంటాయి. కమిటీ సభ్యులు ఇద్దరు మధ్యాహ్నం ఒంటిగంట దాకా అక్కడే కూర్చుంటారు.