ఆరో తరగతి దాకా రెండు భాషలూ ఉండనీ

నిషి కసాయ్, టోక్యో

అమ్మలూ,

మొన్న రాత్రి నువ్వు అడిగావు కదా, "నా ఫ్రెండ్స్ ఇంగ్లీషు, జపనీస్ రెండూ ఉన్న మా స్కూలు వదిలి ఇంగ్లీషు ఒక్కటే ఉన్న స్కూలుకి మారిపోతున్నారు, నేనెందుకు మారకూడదు? ఎలాగూ ఇండియా వెళ్ళిపోతాం, జపనీస్‌లో ఈ బొమ్మల్లాంటి కాంజీ అక్షరాలు ఎందుకు నాకు?" అని. అడగాల్సిన ప్రశ్నే. నోటితో జవాబు చెప్తే సగంలో ఇద్దరికీ కోపం వచ్చేస్తుంది, అందుకే రాస్తున్నాను. అమ్మమ్మ వీడియో కాల్‌లో నేర్పిన తెలుగే ఇదంతా. నెమ్మదిగా చదువుకో. తెలియని మాట కింద గీత గీసి పెట్టు, తర్వాత చెప్తాను.

నీకు కష్టంగా ఉందన్నది నిజం. ఒకటో తరగతిలో 80 కాంజీలు, రెండులో 160, మూడులో 200, ఇప్పుడు నాలుగులో 202. ఆరో తరగతి అయ్యేసరికి మొత్తం 1026. జపాన్ పిల్లలకీ ఇదే లెక్క. కానీ వాళ్ళకి బళ్ళోనూ ఇంట్లోనూ రోజంతా ఆ భాషే. నీకేమో పొద్దున ఇంగ్లీషు, మధ్యాహ్నం జపనీస్, ఇంటికొస్తే తెలుగు. పైగా ఇక్కడి రాష్ట్రాల్లాంటి ప్రిఫెక్చర్ల పేర్లలో వచ్చే 20 కాంజీలని 2020లో మీ నాలుగో తరగతిలోనే కలిపారు. ఎహిమే, నీగాతా, గిఫు రాయలేక నువ్వు పెన్సిల్ విసిరేయడం నేను చూశాను. అది బద్ధకం కాదని నాకు తెలుసు.

మరైతే మాన్పించేయొచ్చు కదా అంటావు. మాన్పించకపోవడానికి నా కారణం ఇది. నీకు జపనీస్ వచ్చేసిందని అందరూ అనుకుంటారు. కూరగాయల షాపు ఆయనతో మాట్లాడతావు, పార్కులో పిల్లలతో గొడవ పడతావు, నాకు వార్డు ఆఫీసులో ఫారం నింపిపెడతావు. అదంతా మాట్లాడే భాష. సైన్స్ పుస్తకంలో నీరు ఆవిరి ఎలా అవుతుందో చదివి, నీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయడానికి కావాల్సిన భాష వేరు. జిమ్ కమిన్స్ అని కెనడాలో వలస పిల్లల చదువుల మీద పనిచేసిన పరిశోధకుడు ఉన్నారు. కొత్త దేశంలో పిల్లలకి మాట్లాడే భాష సుమారు రెండేళ్ళలో వచ్చేస్తుందనీ, చదువుకునే భాష అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందనీ నలభై ఏళ్ళ క్రితమే చెప్పారు. నువ్వు ఇప్పుడు సరిగ్గా ఆ రెండింటి మధ్యలో ఉన్నావు. మాట వచ్చేసింది, చదువు ఇంకా రాలేదు. అందుకే ఇంత విసుగు. ఇక్కడ ఆపేస్తే పడిన కష్టమంతా పోయి మాట ఒక్కటే మిగులుతుంది. ఆ మాట కూడా ఊరు మారితే ఉండదు. హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోయిన పిల్లల్ని చూశాం కదా. నీకంటే గలగలా మాట్లాడేవాళ్ళు, ఇప్పుడు ఫోన్ చేస్తే పలకరింపు దగ్గరే ఆగిపోతున్నారు. చదవడం వచ్చినవాళ్ళు మాత్రం పుస్తకాలు తెప్పించుకుని చదువుకుంటున్నారు.

ఇంకో సంగతి. జపనీస్ నీకు పరాయి భాష అనుకుంటున్నావు గానీ, వాక్యం పేర్చడంలో అది ఇంగ్లీషు కంటే మనకే దగ్గర. "నిన్న తాతయ్యతో ఫోన్లో మాట్లాడాను." "కినో ఓజీచాన్ తో దెన్వా దే హనాషితా." ఒక్కో ముక్కా పక్కపక్కన పెట్టి చూడు, వరస మారదు. మీ టీచర్ గోడ మీద అంటించిన అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క, స, త, న వరస కూడా అంతే. సంస్కృతం అక్షరాలు నేర్చుకున్న బౌద్ధ భిక్షువుల వల్ల ఆ క్రమం జపాన్‌కి వచ్చింది. అమ్మమ్మ నీకు దిద్దించిన అక్షరాల వరస కూడా ఆ సంస్కృతం వరసే. మూడో తరగతిలో నీ కొత్త స్నేహితురాలు వాక్యం చివర క్రియ పెట్టడానికి ఏడుస్తుంటే, నీకు ఆ బాధ ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైందా?

లెక్కల సంగతి నాకు మరీ ఇష్టం. రెండో తరగతిలో మీరంతా "ని నిన్ గ షి, ని సాన్ గ రోకు" అని పాడుతూ ఎక్కాలు నేర్చుకుంటుంటే, ఇంట్లో నాన్న "రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు" అని మొదలుపెట్టారు. నీకు రెండూ వచ్చేశాయి. పెద్ద అంకెలైతే ఇంకా తమాషా. ఇంగ్లీషులో మూడేసి సున్నాలకి ఒక మెట్టు, జపనీస్‌లో నాలుగేసికి, మనకి వెయ్యి దాటాక రెండేసికి. జపాన్ జనాభా సుమారు 12 కోట్లు అని తాతయ్యకి చెప్పడానికి నువ్వు ఇచి ఓకు ని సెన్ మాన్ నుంచి హండ్రెడ్ ట్వంటీ మిలియన్‌కి, అక్కడి నుంచి కోట్లకి కాగితం లేకుండా వచ్చేశావు. నేను ఆఫీసులో ఇప్పటికీ దాని కోసం సున్నాలు లెక్కపెడతాను.

ఇక వెళ్ళిపోతామా ఉంటామా అన్నది. అది నాన్న ఉద్యోగం మీద ఉంది, నేను మాట ఇవ్వలేను. ఉన్నామనుకో, ఆరో తరగతి అయ్యాక నీకు ఎంచుకునే వీలుండాలి. మీ స్కూల్లాంటి ఇంటర్నేషనల్ స్కూళ్ళు చాలావరకు ఇక్కడి చట్టంలో మామూలు బడుల లెక్కలోకి రావు. కానీ విదేశీ పిల్లలు కావాలనుకుంటే వార్డులోని మిడిల్ స్కూలు చేర్చుకుంటుంది. ఫీజు ఉండదు, పుస్తకాలు ఉచితం. అయితే అక్కడ సోషల్, సైన్స్ అన్నీ జపనీస్‌లోనే, మూడేళ్ళ తర్వాత హైస్కూలు ఎంట్రన్స్ కూడా అందులోనే. ఇప్పుడే కాంజీలు మానేస్తే ఆ దారి నీ చేతులతో నువ్వే మూసుకున్నట్టు. ఇంగ్లీషు స్కూళ్ళ దారి మాత్రం ఎప్పుడైనా తెరిచే ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లీషు నీకు ఎలాగూ వస్తోంది. మన ఇంట్లో నీ మీద ఫీజు టెన్షన్ పెట్టను, కానీ ఇంగ్లీషు స్కూళ్ళ ఫీజు చిన్నది కాదన్నది కూడా నిజమే.

పేరెంట్స్ మీటింగులో మీ జపనీస్ టీచర్ నాతో ఒక మాట అన్నారు. ఇంట్లో వచ్చీరాని జపనీస్‌లో మాట్లాడకండి, మీ భాషలోనే కథలు చెప్పండి, ఆ అమ్మాయికి ఆలోచించడం అక్కడే అలవాటవుతుంది అని. నాకు చాలా సంతోషం వేసింది. ఇరవై మంది కూడా లేని క్లాసు కాబట్టి ఆవిడకి నీ సంగతి తెలుసు. నువ్వు ఎక్కడ ఆగిపోతావో, ఎప్పుడు విన్నట్టు నటిస్తావో కూడా. పెద్ద స్కూల్లో అంత దగ్గరగా చూసేవాళ్ళు దొరకడం కష్టం. చిన్న స్కూల్లో గ్రౌండ్ లేదు, క్లబ్బులు తక్కువ, ఏటా ఎవరో ఒకరు వెళ్ళిపోతారు. ఆ లోటు నాకూ తెలుస్తోంది. ఫ్రెండ్స్ వెళ్ళిపోతే బెంగ వేస్తుంది. వాళ్ళని ఆదివారాలు ఇంటికి పిలుద్దాం.

కాబట్టి నేను అడిగేది ఇది. ఆరో తరగతి దాకా రెండూ ఉంచు. రోజూ కొత్త కాంజీల కోసం యుద్ధం వద్దు, నీకు నచ్చిన బొమ్మల పుస్తకం ఒకటి జపనీస్‌లో పడుకునేముందు చదువు. రాని కాంజీ పక్కన అది ఎలా పలకాలో చెప్పే హిరగానా అక్షరాలు ఉంటే చాలు. ప్రిఫెక్చర్ల టెస్టుకి నేనూ నీతో పాటు కూర్చుని రాస్తాను. ఆ తర్వాత ఏ స్కూలు అన్నది నిన్ను కూర్చోబెట్టుకునే నిర్ణయిస్తాం, నువ్వు వద్దంటే ఎందుకో వింటాం.

శనివారం నాన్న ఇంట్లో ఉంటారు. అప్పుడు ముగ్గురం మాట్లాడుకుందాం. ఈలోగా నీ జవాబు రాసి పెట్టుకో, ఏ భాషలోనైనా సరే.

ప్రేమతో,
అమ్మ