సాయంత్రం గ్రంథాలయం తలుపు తీయించండి: కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పని కోసం కువైట్ వెళ్లింది. మన కోనసీమలో ఇలాంటి ఇళ్లు మీకు కొత్త కాదు. సెలవుకి వచ్చి దగ్గరికి తీసుకోబోతే విదిలించుకుని పోయేవాణ్ణి. అది కోపమనుకున్నాను. బెంగ అని తెలియడానికి ఆరేళ్లు పట్టింది.

తెలిపింది మా ఊరి గ్రంథాలయంలో దొరికిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు. ఆయనా మన గోదావరి మనిషే, 1891లో పొలమూరులో పుట్టారు. ఆ కథల్లో ఆడవాళ్లు మాట్లాడుకుంటూంటే అమ్మ గొంతే వినిపించింది. ఫోన్‌లో "తిన్నావా?" అని తప్ప ఇంకేమీ అడగని మనిషి లోపల ఎంత దాచుకుందో అప్పుడు తట్టింది. ఆ రాత్రి మొదటిసారి నేనే అడిగాను, "నువ్వు తిన్నావా అమ్మా?" అని. అవతల చాలాసేపు మాట లేదు.

ఇప్పుడా గ్రంథాలయం సాయంత్రాలు తెరవడం లేదు. పిల్లలు బడి నుంచి వచ్చేది అప్పుడే కదండీ! ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. తెరిపించండి. ఏడాదికోసారైనా పిల్లల్ని రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు పంపండి. ముప్పై నిండకుండానే 1925లో పోయిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు కాసేపు నిలబడనివ్వండి.

వారానికో కథ పైకి చదివి వినిపించే పని నాది. అమ్మలు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు మా వీధిలోనే నలుగురున్నారు. ముందు వాళ్లని పిలుస్తాను.

ఇట్లు,
ఒక కోనసీమ పాఠకుడు