మీ ప్రశ్న కింద మా జవాబు ఎందుకు పడలేదంటే

అందరికీ నమస్కారం.

మొన్న ఒకాయన ఫోన్ చేసి, "వెల్లుల్లి వేయలేదని మీరే రాశారు కదండీ, మరి సీసాలో రెబ్బలు కనిపిస్తున్నాయేంటి?" అని అడిగారు. ఎక్స్‌లో మా పేజీ తెరిచి చూస్తే నిజమే. "లేదండీ, ఇందులో వెల్లుల్లి వేయం" అని మా పేరుతో ఒక పోస్టు విడిగా పడి ఉంది. మాగాయ గురించి ఎవరో అడిగితే రాసిన జవాబది. ఆయన ఆవకాయ గురించి అనుకుని కొన్నారు.

సీజన్‌లో జవాబులు ఆలస్యం కాకూడదని మా చెల్లెలి కొడుకు చేత చిన్న ప్రోగ్రాం రాయించాను. మేం ఒకచోట టైప్ చేస్తే ఏపీఐ (బయటి ప్రోగ్రాంలు ఎక్స్‌తో మాట్లాడే దారి) ద్వారా మీ పోస్టు కిందకి వెళ్లాలి. అందుకు జవాబుతో పాటు మీ పోస్టు నంబర్ కూడా పంపాలి. అది 19 అంకెల నంబర్. మా ప్రోగ్రాం రాసిన భాష జావాస్క్రిప్ట్ 9007199254740991 వరకే పూర్ణసంఖ్యలను తేడా లేకుండా పట్టుకుంటుంది, ఆపైన చివరి అంకెలు మారిపోవచ్చు. మా రికార్డు తీసి చూస్తే ప్రతి నంబర్ చివరా రెండు సున్నాలే! అలాంటి నంబర్‌తో దాదాపు ఎప్పుడూ పోస్టే ఉండదు. నిజానికి ఏపీఐ ఆ నంబర్‌ను కోట్స్ మధ్య అక్షరాల వరుసగానే ఇస్తుంది. దాన్ని సంఖ్యగా మార్చింది మా ప్రోగ్రామే.

పోస్టు దొరక్కపోతే జవాబును కనీసం మన పేజీలోనైనా పెట్టమని చెప్పింది మాత్రం నేనే. ఆ తప్పు నాది. బాబుకి వేరుశనగ పడదు, ఏ నూనె వాడతారని అడిగిన ఒక తల్లికి మూడు రోజులు జవాబే చేరలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది. ఆవిడతో ఫోన్‌లో మాట్లాడాను, క్షమించమని అడిగాను.

నంబర్‌ను మార్చే ఆ లైను తీసేయించాను. జవాబు చేరకపోతే ఇక ఎక్కడా పోస్టు అవదు, నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, నేనే రాస్తాను. విడిగా పడిన జవాబులన్నీ తొలగించాం. ఇకపై ప్రతి జవాబులో పచ్చడి పేరు కూడా ఉంటుంది.

మా ఆవకాయలో వెల్లుల్లి ఉంటుంది, మాగాయలో ఉండదు. రెండింటికీ నువ్వుల నూనే వాడతాం. ఆ పోస్టులు చూసి కొన్నవాళ్లు బిల్లు నంబర్ పంపండి, సీసా మూత తీసినా సరే, డబ్బు మొత్తం వెనక్కి వేస్తాం.